కూచుంటే ఓర్వని మునిశామప్ప

దిబ్బూరహళ్ళి మునిశామప్పకు లోకంలో ఒక్కటే గిట్టదు: మనిషి కూర్చోవడం. పెళ్ళికి పోతే నిలబడే భోంచేస్తాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మి పట్టుకునే చింతామణి టౌను చేరతాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని "కూచోప్పా" అననే అనడు. "రాప్పా, మల్బరీ తోట చూద్దాం" అంటాడు. కాఫీ కాగేసరికి ఆ చుట్టం తోటకు రెండు చుట్లు తిరిగి రొప్పుతూ ఉంటాడు.

అలాంటివాడి ఇంట పుట్టింది మనవరాలు నేత్ర. పదో తరగతి. బడి నుంచి వచ్చి ఫోను పట్టుకుని మంచమెక్కిందంటే ఇక దిగదు.

"లెయ్యమ్మా!"

"చదువుకుంటాండా తాతా."

"బొటనవేలితోనా?"

ఆ ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. పురుగు పొర విడిచే ముందు తినకుండా, కదలకుండా పడి ఉంటుంది. ఆ పల్లెల్లో దాన్ని జ్వరం అంటారు. మునిశామప్ప తన భార్య అక్కయమ్మ దగ్గర నిజంగానే దిగులుపడ్డాడు. "పురుగుకు జ్వరమొస్తే ఒక దినం. దీనికి రెండేండ్లయినా విడవలేదే!"

పబ్లిక్ పరీక్షకు ముందు పెట్టే ప్రిపరేటరీలో నేత్రకు లెక్కల్లో ఎనభైకి పంతొమ్మిది వచ్చాయి. ఇట్లాగే పోతే పదో తరగతి తప్పుతుంది, పీయూసీ కాలేజీ మాటే ఉండదు. హెడ్మాస్టరు తాతను పిలిపించి, "కూచోండప్పా" అన్నాడు.

"కూచునే ఇంతదాకా వచ్చింది సామీ" అన్నాడు మునిశామప్ప, నిలబడే.

మర్నాడు నేత్ర లెక్కల గైడు వెతికితే అట్ట మాత్రమే దొరికింది. లోపలి కాగితాలన్నీ పురుగుల షెడ్డులో తట్టకొకటి చొప్పున వేలాడుతున్నాయి.

"అయ్యో తాతా, ఎంత పని చేసినావు!"

"పురుగులకు ఆకేస్తా ఆకేస్తా చదువుకో. తప్పు చేసినా అవేం నవ్వవులే."

అక్షరం ముక్క రాని మనిషికి పేజీల వరస ఏం తెలుసు? త్రికోణమితి తలకిందులుగా వేలాడింది. లెక్క ఈ మూల ఉంటే జవాబు ఆ మూల. జవాబు కోసం షెడ్డంతా నడవలేక, నేత్ర తానే లెక్క చేసుకోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఆకేసే నడకా అలవాటయింది, లెక్కలూ అలవాటయ్యాయి. పబ్లిక్ పరీక్షలో అరవై రెండు తెచ్చుకుని ఊరే నోరెళ్ళబెట్టేలా చేసింది.

కానీ ఆమె ఇప్పటికీ చెప్పుకునేది మార్కుల సంగతి కాదు, ఆ పరీక్ష రోజు సంగతి. తాత గేటు దాకా వచ్చాడు.

"ఎంతసేపమ్మా పరీక్ష?"

"మూడు గంటలు."

"మూడు గంటలూ కూచునేనా?" మునిశామప్ప ముఖం పాలిపోయింది. "నడమ ఒకతూరి లెయ్యనీరా?"

"లేస్తే బయటికి పంపిచ్చేస్తారు తాతా."

పరీక్ష రాసి బయటికొస్తే తాత అక్కడే ఉన్నాడు, ఎండలో, తలకు తువ్వాలు చుట్టుకుని. గేటు కావలి చెన్నరాయప్ప మొత్తుకున్నాడు. "మూడుతూర్లు కుర్చీ వేసినానమ్మా! కాళ్ళు వణకతాండాయి, అయినా కూచోడే!"

"ఎందుకు తాతా?"

"నిన్ను లెయ్యనీరంటివి కదమ్మా. కాళ్ళు పట్టేస్తాయే పాపం, అని నీ వంతు కూడా నేనే నిలబడినా."

నేత్రకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కుర్చీ లాగి, భుజాలు పట్టుకుని తాతను బలవంతాన కూర్చోబెట్టింది. మునిశామప్ప కుర్చీ అంచున బిగుసుకుని కాసేపు ఉన్నాడు. తర్వాత మెల్లగా వెనక్కి వాలాడు.

"బాగానే ఉండాదే!" అని అటూ ఇటూ చూశాడు. "ఊర్లో ఎవురికీ చెప్పొద్దు."