బొటనవేలికి సెలవిచ్చిన చేతులు

మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఊరి బయట కొల్హార్‌లో, నేను లెక్కలు రాసే వర్క్‌షాపులో ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆమె కోడలు. "అక్కా, అత్తమ్మ కుర్చీలనే ఒరిగింది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇగ లేదన్నది" అని చెప్పింది. వెంటనే, "చేతులు పెట్టుకునే నీళ్లు ఇంక గోరువెచ్చగనే ఉన్నయక్కా. పారబొయ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది. అంత పెద్ద కబురు చెప్పిన నోటితో ఇంత చిన్న ప్రశ్న ఎందుకడుగుతోందని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఆ నీళ్ల గిన్నెను రోజూ గోడ ఇవతల నుంచి చూసినదాన్ని. "ఉంచు, నేను వస్తున్న" అన్నాను. ఆటో ఎక్కాక గానీ ఏడుపు రాలేదు.

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆమె నాకు రక్తసంబంధమేమీ కాదు. బీదర్‌లో మా చర్చి వెనక గల్లీలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. పెద్దయ్య చిన్న వయసులోనే పోతే కత్తెర పట్టి, బజారులో చిన్న టైలరింగ్ దుకాణం పెట్టి, ఇల్లు నిలబెట్టింది. గల్లీలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. ఎవరు లావయ్యారో ఎవరు చిక్కారో వాళ్లకంటే ముందు ఆమెకు తెలిసేది. తెలిస్తే దాచుకునే మనిషి కూడా కాదు. "పోయినేటి కొలత సాలదే బిడ్డా, నీ మొగుడు నిన్ను మంచిగ సూసుకుంటుండు" అని చర్చి మెట్ల మీదే అనేసేది. కొత్త పెళ్లికూతుళ్లు ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేవాళ్లు.

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే మూడో రోజు ఆదరణ కూటం ప్రార్థన అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగు పొరుగే తిండి పంపుతారు. అన్నం, పప్పు, చారు ఎవరైనా పంపవచ్చు. జొన్న రొట్టెలు మాత్రం పెద్దమ్మవి. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఎప్పుడో ఎవరి చావుకో చేసింది, ఆ తర్వాత ఇక ఆమెదే అయిపోయింది. ఆ రొట్టెల విషయంలో ఆమెది ఒకటే పట్టుదల, పగిలిన రొట్టె చావింటికి పంపే గంపలోకి వెళ్లకూడదు. అంచు చీలినా, నడుమ బీట పడినా పక్కన పెట్టేసేది. "వాళ్లింట్ల ఇప్పటికే ఒకటి విరిగింది. మనం ఇంకోటి విరిగింది పంపొద్దు" అనేది.

మా నాన్న పోయిన రోజు ఆ గంప మా ఇంటికి వచ్చింది. అమ్మ ఏమీ ముట్టనంది. పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుని, రొట్టె తుంచి, పప్పులో అద్ది, నోటి దగ్గర పెట్టింది. "తిను చెల్లె. ఏడ్చుటానికి గూడ బలం గావాలె" అంది. అమ్మ తిన్నది. ఆ తర్వాత నిజంగానే గట్టిగా ఏడ్చింది.

అలాంటి చేతులకు తిప్పలు కత్తెర దగ్గర మొదలయ్యాయి. ఒకరోజు బ్లౌజు గుడ్డ కత్తిరిస్తూ ఉండగా కత్తెర జారి కింద పడింది. ఎత్తబోతే బొటనవేలి మొదట్లో సూది దిగినట్టయిందట. ఎన్నాళ్లుగా ఓర్చుకుంటోందో గానీ, ఆ రోజు నాతో, "జర నాతోని దవాఖానకు వస్తవా బిడ్డా? ఆయన కన్నడంల చెప్తడు, నాకు సగమే సమజైతది" అంది. వెళ్లాం. డాక్టరు రెండు చేతులకూ ఎక్స్‌రేలు తీయించి వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు బొటనవేళ్ల మొదట్లోని కీళ్లూ అరిగిపోయాయి. అరిగింది తిరిగి రాదు గానీ, జాగ్రత్తగా ఉంటే నొప్పిని అదుపులో పెట్టుకోవచ్చన్నాడు. చిటికెతో గట్టిగా పట్టడం, పిండడం, మూతలు తిప్పడం తగ్గించమన్నాడు. వేళ్లతో కొంచెం నొక్కినా ఆ కీలు మీద పడే భారం చాలా ఎక్కువని పెన్ను పట్టుకుని మరీ చూపించాడు. నేను తెలుగులో చెబుతుంటే ఆమె ఆ పెన్నువైపే చూస్తూ కూర్చుంది.

"రొట్టె చెయ్యొచ్చునా అని అడుగు" అంది. అడిగాను. ఇంట్లో వేరే ఎవరైనా చేస్తే మంచిదన్నాడు ఆయన, మెత్తగానే. ఆమె తలూపింది. ఇంటి ముందు ఆటో దిగుతూ, "రెండు పనులకు ఈ ఏలు సాలది. కత్తెరకు కోడలున్నది. రొట్టెకు ఎవరున్నరు?" అంది. మర్నాటి నుంచి దుకాణం కోడలిది. ఏళ్ల తరబడి అన్నం పెట్టిన కత్తెరను అంత తేలిగ్గా చేతిలోంచి ఎలా వదిలిందా అని నేను చాలా రోజులు ఆశ్చర్యపోయాను.

వదలాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. వెల్లుల్లి ఒలవడం మానేసింది. డబ్బా మూతలు, తడి బట్టలు పిండటం, సంచి వేళ్లకు తగిలించుకోవడం అన్నీ మానేసింది. సంచిని మోచేతికి వేసుకునేది. గరిటెలకూ చీపురుకూ పాత చీరల పీలికలు చుట్టి పిడులు లావు చేసుకుంది. రొట్టె తిప్పడానికి నొక్కి పట్టాల్సిన చిమ్టాను అటక మీదికి పంపేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా వాళ్లంతా వందనాలంటూ చేతులు కలుపుకుంటారు. కొందరు మగవాళ్లు బావిలో చేద లాగినట్టు ఊపుతారు. పెద్దమ్మ చేతులు కొంగు కింద దాచుకుని తల వంచి వందనాలనేది. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ దాన్ని అలక అనుకుని, ఏం తప్పు చేశానో అని మా అమ్మను అడిగింది. ఆ మాట పెద్దమ్మకు చేరితే నవ్వి, మరుసటి ఆదివారం పాస్టరమ్మ ముంజేతిని తన రెండు అరచేతుల మధ్య ఉంచుకుని, "అలగలేదమ్మా. రొట్టెలకు దాసిపెడ్తున్న" అంది.

రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేది. అందులో ఇంత ఉప్పు వేసేది. ఉప్పుతో ఏమవుతుందని అడిగితే, "చేతులకేం గాదు, నాకు తృప్తి" అని ఒప్పేసుకునేది. నీళ్లలోంచి తీసి తుడుచుకున్నాక, బొటనవేలిని ఒక్కో వేలి కొసకు మెల్లగా తాకిస్తూ ప్రార్థన చేసేది. చూపుడు వేలికి కొడుకూ కోడలూ, నడిమి వేలికి మా ఇల్లు, ఉంగరం వేలికి గల్లీలో జబ్బుపడ్డవాళ్లు. చిటికెన వేలి దాకా బొటనవేలు ఒక్కోరోజు పోయేది కాదు. చిటికెన వేలు పాస్టరయ్యది. "ఇయ్యాల పాస్టరయ్యకు ప్రార్థన అందలే" అని గోడ మీంచి నాతో చెప్పి నవ్వేది.

మందుల షాపులో కొన్న బొటనవేలి పట్టీ ముదురు గోధుమ రంగులో ఉండేది. టైలరమ్మ చేతికి అది నచ్చుతుందా? ప్రతి జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కతో దానికి తొడుగు కుట్టించుకుంది. పచ్చ చీరకు పచ్చ తొడుగు, క్రిస్మస్‌కు జరీ అంచు తొడుగు. మాత్రలు డాక్టరు చెప్పినప్పుడే, తిన్న తర్వాతే. ఊళ్లోవాళ్లు ఇచ్చిన నూనెలన్నీ తీసుకునేది. ఎవర్నీ నొప్పించేది కాదు. "నూనె మంచిదే, రుద్దే చెయ్యి దొరికితే" అనేది. దొరికేదాకా ఆ సీసాలు కిటికీలో ఉండేవి.

ఇక రొట్టె. జొన్నపిండిలో సాగే గుణం ఉండదు. వేడి నీళ్లు పోసి, మెత్తగా మెదిపి, కుడి చేత్తో తడుతూ ఎడమ బొటనవేలితో అంచును కాపాడుతూ తిప్పాలి. వేలు వదిలితే అంచు చీలుతుంది. మా అందరికీ తెలిసిన రొట్టె ఇదొక్కటే, అంచంతా బొటనవేలి అచ్చులతో. పెద్దమ్మ దీన్ని మొదటి నుంచి మళ్లీ నేర్చుకోవడానికి కూర్చుంది. పట్టీ పెట్టుకుని, రెండు బొటనవేళ్లూ పైకి ఎత్తి, అరచేతి మొదలుతో పిండి మెదిపేది. ఎడమ చేతి చిటికెన వేలి వైపు అంచును గోడలా నిలబెట్టి, దాన్ని ఆనించి రొట్టెను తిప్పేది. ఎత్తేటప్పుడు వేళ్లతో పట్టకుండా, రెండు అరచేతులూ కిందికి జార్చి, పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తేది. మొదట్లో అన్నీ పగిలాయి. గల్లీలో మేకలన్నీ ఆమె వాకిట్లోనే ఉండేవి. "పెద్దమ్మా, మేకలు బలిసినయి, ఇగ చాలు" అని నేను ఎకసెక్కం చేస్తే, "అవి ఒంక పెడ్తలేవు, నువ్వు పెట్టకు" అనేది. నొప్పి ఎక్కువైతే ఆపేసేది. మర్నాడు మళ్లీ కూర్చునేది. మొండికేసి ఓర్చుకోవడం ఆమె పద్ధతి కాదు. నొప్పి మాట వింటుంది, కానీ ఇంటి పెత్తనం దానికి ఇవ్వదు.

ఒక సాయంత్రం గోడ మీంచి పిలిచింది. పెంక మీద రొట్టె నిండు చంద్రుడిలా పొంగుతోంది. అంచు చుట్టూ ఎక్కడా చిన్న చీలిక కూడా లేదు. నేను ఆమె ముఖం చూడలేదు, చేతులు చూశాను. కణుపులు ఉబ్బి, బొటనవేళ్ల మొదళ్లు ఎముక పొడుచుకొచ్చి, వంకర తిరిగిన ఆ రెండు చేతులు ఇది చేశాయా అనిపించింది.

ఆ తర్వాత చలికాలంలో ఒక పొద్దున మా వెనక వరుసలో ఒకాయన పోయాడు. ఆ చలికి పెద్దమ్మ చేతులు వాచి, గిన్నెలో నీళ్లకు కూడా లొంగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను ఆ ఒక్కసారే చూశాను. అయినా కుర్చీ వేయించుకుని పొయ్యి ముందు కూర్చుని, గల్లీ ఆడపిల్లలందరినీ పిలిపించింది. "ఇయ్యాల నా చేతులకు సెలవు. మీ చేతులు వట్టుకరాండ్రి" అంది. నోటితోనే నేర్పింది. ఎత్తు, జార్చు, ఆనించు, తొందరపడకు. ఆ రోజు గంప కొంచెం ఆలస్యంగా వెళ్లింది, కానీ విరిగిన రొట్టె వెళ్లలేదు. అప్పటి నుంచి చావింటి రొట్టెలకు ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చోవడం అలవాటైంది.

వాళ్లలో ఎస్తేరు అనే పిల్లను చిట్గుప్పకు కోడలిగా ఇచ్చారు. అక్కడ ఆ పిల్ల మొదటిసారి రొట్టెలకు కూర్చుంటే వాళ్లత్త చూసి, "ఏందమ్మా ఇది? మీ బీదర్ల బొటనేళ్లు ఎత్తిపెట్టి రొట్టెలు చేస్తరా?" అని అడిగిందట. రొట్టె అలాగే చేస్తారని ఎస్తేరు గట్టిగా వాదించిందట. అది నొప్పి కోసం కనిపెట్టిన పద్ధతని ఆ పిల్లకు తెలియనే తెలియదు. ఈ సంగతి చెబితే పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక తన చేతులకేసి చూసుకుని, "అరె, నా నొప్పి గూడ నేర్పిచ్చిన్నా ఏంది పిల్లలకు?" అంది. ఆ రోజంతా ఆ మాటే తలచుకుంటూ ఉంది. తర్వాత వాళ్లకు బొటనవేలితో చేయడం నేర్పాలని చూసింది గానీ, అప్పటికే ఎవరి చేతులూ మాట వినలేదు. నావి కూడా.

"నా దినం నాడు రొట్టెలు పగుల్తె ఊకోను" అని అప్పుడప్పుడూ నవ్వుతూ బెదిరించేది. నవ్వులోనే అన్నా, ఆ భయం ఆమెకు నిజంగా ఉండేదని నాకు తెలుసు. తన చేతుల తర్వాత ఏ ఇంటికైనా ఆ గంప వెళుతుందా లేదా అన్నదే ఆమె బెంగ.

ఆటో దిగి వెళ్లేసరికి నీళ్ల గిన్నె కుర్చీ పక్కనే ఉంది. నీళ్లు చల్లారాయి. ఇంటివాళ్లు నాకోసం ఆమె చేతుల మీద కప్పిన గుడ్డ తీశారు. వాపు లేదు. పట్టీకి నీలం తొడుగు. నేను ఆ చేతులను పట్టుకోలేదు, నా అరచేతులను వాటి కిందికి జార్చి కాసేపు ఉంచాను. ఆ నీళ్లు కోడలితో కలిసి గుమ్మం పక్కనున్న మల్లెకు కొంచెం దూరంగా, మొదలుకు తగలకుండా పోశాం. ఉప్పు కదా.

ఆ సాయంత్రం, సమాధి తోట నుంచి తిరిగొచ్చాక, మా ఇంట్లో పిండి కలిపే పరాత్‌లు పరిచి గల్లీ ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఎస్తేరు వచ్చింది. ఆమె వెంట చిట్గుప్ప అత్త కూడా వచ్చి, కొంగు నడుముకు దోపుకుని పిండి ముందు కూర్చుంది. ఆమె బొటనవేళ్లు రెండూ పైకి లేచి ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించి, "నాక్కూడ పోయినేడు మొదలైంది బిడ్డా. మా కోడలు నేర్పింది" అంది.

నేను చేయి ఆపి చూశాను. నొప్పి ఉన్నవాళ్లూ, నొప్పంటే తెలియని పడుచువాళ్లూ, అందరి బొటనవేళ్లూ పిండికి తగలకుండా పైకే ఉన్నాయి. రొట్టెలు తిరుగుతున్నాయి, అరచేతుల మీద లేస్తున్నాయి, పెంక మీద పొంగుతున్నాయి. తట్టే చప్పుడొక్కటే. పగిలినవి పక్కకు పోయాయి. గంప నిండాక అమ్మ దాన్ని పక్కింటికి తీసుకెళ్లి, కోడలి ముందు కూర్చుని పైనున్న రొట్టె తీసింది. "తిను బిడ్డా. ఏడ్చుటానికి గూడ బలం గావాలె."

కోడలు తుంచలేదు. అరచేతిలో పెట్టుకుని దీపం దగ్గరికి వంచి, అంచు వెంట చుట్టూ చూసింది. తర్వాత గంపలోని ఇంకో రొట్టె, దాని కింద మరో రొట్టె చూసింది. ఎక్కడా చీలిక లేదు, ఏ ఒక్కదాని మీదా బొటనవేలి అచ్చూ లేదు.