కొమ్ము ఊదే పెద్దాయన పన్ను

ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను డెంటిస్టుగా పని మొదలుపెట్టిన రెండో ఏడు, సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున్న, డెబ్బై ఆరేళ్ళ పెద్దాయన ఒకాయన చేతిరుమాలులో తన పన్ను ముక్క చుట్టుకుని వచ్చాడు. గట్టిగా కాల్చిన బేగెల్ రొట్టె కొరికితే విరిగిందట. పైవరసలో కుడివైపు కోరపన్ను, చిగుళ్ళ దాకా పోయింది. నొప్పి గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. కుర్చీలో కూర్చుంటూనే, "ఇంకో పది రోజుల్లో నేను షోఫార్ ఊదాలి. ఊదగలనా?" అని అడిగాడు.

షోఫార్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఆయనే చెప్పాడు. పొట్టేలు కొమ్ము. యూదుల కొత్త సంవత్సరం పండగనాడు వాళ్ళ ప్రార్థనా మందిరంలో దాన్ని నూరుసార్లు ఊదుతారు. నిద్రపోతున్నవాణ్ణి తట్టి లేపినట్టు, ఏడాది పొడుగునా చేసిన తప్పులు మనిషికి గుర్తు చేయడానికట. వాళ్ళ మందిరంలో ముప్ఫై ఏళ్ళ పైనుంచి ఆ పని ఆయనదే. ఆ కొమ్ముకి మీటలూ రంధ్రాలూ ఏమీ ఉండవు. స్వరమంతా పెదవుల బిగువులోంచి, ఊపిరిలోంచి రావాలి. కొందరు నోటి మధ్యలో పెట్టి ఊదుతారు. ఈయనకి కుడి మూలన పెడితేనే పలుకుతుంది. సరిగ్గా ఆ మూలనే పన్ను పోయింది.

"ఊదగలరు" అనేశాను. అన్నాక భయం పట్టుకుంది.

వేరు గట్టిగానే ఉంది. ఆ రోజే రూట్ కెనాల్ చేసి, మర్నాడు లోపల పోస్ట్ అనే సన్నటి కడ్డీ నిలిపి, పైన తొడుగులా టెంపరరీ క్రౌన్ అతికించాను. అసలు క్రౌన్ తయారై రావడానికి మూడు వారాలు పడుతుంది. ఈ తాత్కాలికపు పన్నుతో అన్నం నమలొచ్చు. నూరుసార్లు కొమ్ము ఊదొచ్చో లేదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

గురువారం ఆయన్ని కొమ్ము తీసుకుని రమ్మన్నాను. గోధుమరంగులో, మెలి తిరిగి, మోచేతి పొడవున ఉంది. దగ్గరికి తెస్తే పశువుల పాక వాసన. రోజూ వెనిగర్‌తో కడుగుతాననీ, అయినా లోపలి పొట్టేలు చచ్చిపోనంటోందనీ అన్నాడు ఆయన. నా అసిస్టెంటు ముక్కు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, కొమ్ము పెదవి మూలన ఆనించి ఊదాడు.

ఆ శబ్దం నేననుకున్నట్టు లేదు. సంగీతం అనిపించలేదు. తెనాలిలో మా వీధిలో శవం వెళ్తుంటే ముందు నడిచే జంగందేవర ఊదే శంఖం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. పక్క గదిలో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు, "ఏమైంది?" అని అరిచాడు. పెద్దాయన కొమ్ము దించి నాలుకతో పన్ను తడుముకుని, "ఉంది" అన్నాడు. ఆయన కళ్ళలో అంత సంతోషం చూశాక నేను ధైర్యం తెచ్చుకోవాల్సింది. కానీ ఊదుతున్నప్పుడు ఆయన కణత మీద ఉబికిన నరాన్ని కూడా నేను చూశాను.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్‌కి ఒకావిడ ఫోన్ చేసింది. "నేను ఆయన భార్యని. మీతో ఒక్క నిమిషం మాట్లాడాలి."

పేషెంటు సంగతులు ఎవరికీ చెప్పకూడదని రూలు, భార్యకైనా సరే. ఆ మాటే చెప్పాను.

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెబుతాను, వినండి చాలు" అందావిడ. "పోయినేడు ఆఖరిసారి ఊదాక, బయటికొచ్చి కారిడార్‌లో పడిపోయాడు. నా చేతుల్లోనే. నిమిషంలో తెలివొచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. పక్కన నిలబడి ఏ స్వరం ఊదాలో పేరు పిలిచేది నేనే. నేను పిలిస్తేనే ఆయన ఊదుతాడు. ఈసారి నాకు నోరు పెగిలేలా లేదు."

"డాక్టరుకి చూపించారా?"

"నీళ్ళు తక్కువ తాగానంటాడు. మీరు చెబితే వింటాడు. ఈ పన్ను ఆగదు, ఊదొద్దు అనండి. అంతే. అంతకన్నా ఏమీ అడగను."

నేను అబద్ధం చెప్పలేనన్నాను. ఆవిడ, "ఆలోచించండి" అని పెట్టేసింది.

ఇంటికెళ్ళాక మావారికి చెప్పాను, పేరు చెప్పకుండా. మావారిది వరంగల్. కూరగాయలు తరుగుతూ విన్నారు. "నువ్వెందుకు టెన్షన్ పడుతున్నవ్? పన్ను సంగతి నువ్వు చూస్కో. గుండె సంగతి కార్డియాలజిస్ట్ చూస్కుంటడు."

"నేను క్రౌన్ పెట్టబట్టే కదా ఊదుతున్నాడు. మళ్ళీ పడిపోతే?"

"నువ్వు పెట్టకపోతే పన్ను లేకుండనే ఊదేటోడు. అసొంటి మనిషిని నువ్వు ఆపుతవా? నాలుగు రోజుల సంది ఆయన గురించే చెప్తున్నవ్."

ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. క్లినిక్‌కి వెళ్ళాక, ఆయన మొదటిరోజు నింపిన ఫారం తీసి చూశాను. 'ఎప్పుడైనా స్పృహ తప్పారా' అన్నచోట 'లేదు' అని టిక్కు పెట్టి ఉంది. సోమవారం చెకప్‌కి వచ్చినప్పుడు, గొంతు మామూలుగా ఉంచుకుని అడిగాను. "మీరు ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా?"

ఆయన నన్నే చూశాడు. "మా ఆవిడ ఫోన్ చేసిందా?"

నేను ఫారం మీదికి తల వంచాను. నా మొహమే చెప్పేసి ఉంటుంది.

"ఒక్కసారి" అన్నాడు చివరికి.

"అయితే మీ గుండె డాక్టరు దగ్గర్నుంచి కాగితం తేవాలి. అది లేకుండా మీరు ఊదడానికి నేను సరేననను."

కోపం వచ్చింది ఆయనకి. వచ్చినా, మర్నాడే కాగితం తెచ్చాడు. ఊదొచ్చు, మరీ శ్రమపడకూడదు, తల తేలిగ్గా అనిపిస్తే వెంటనే కూర్చోవాలి, అని రాసి ఉంది. ఇక వద్దనడానికి నా దగ్గర కారణమేమీ మిగల్లేదు. క్రౌన్‌ని పక్క పంటితో కలిపి ఇంకోసారి బిగించాను.

పండగ రెండు రోజులూ వాళ్ళ ఆచారం ప్రకారం ఆయన ఫోన్ ముట్టుకోడు. పన్ను ఊడినా నాకు తెలిసే దారి లేదు. వెళ్ళేముందు, "మీరే వచ్చి వినండి" అన్నాడు. నేను పండగనాటి అపాయింట్‌మెంట్లు మార్పించుకుని, పర్సులో సిమెంటు ట్యూబూ, చిన్న అద్దమూ, ఒక ప్రోబూ వేసుకుని బయల్దేరాను. మందిరం తలుపు దగ్గర గార్డు పర్సు తెరిచి, ఆ మొన తేలిన ఇనుప పుల్లని బయటికి తీసి చూశాడు. నేను డెంటిస్టుననీ, షోఫార్ ఊదే ఆయన పన్ను కోసం వచ్చాననీ చెబుతుంటే నా మాటలు నాకే నమ్మశక్యంగా లేవు. అతని చేతిలోని అతిథుల లిస్టులో నా పేరుంది. రాయించింది ఆయన భార్యేనట. పర్సు మాత్రం గార్డు తన దగ్గరే ఉంచుకున్నాడు.

వెనక వరసలో కూర్చున్నాను. చాలాసేపటికి అందరూ లేచి నిలబడ్డారు. పసిపిల్లలు కూడా నిశ్శబ్దమైపోయారు. పెద్దాయన తెల్లటి శాలువా కప్పుకుని ముందుకొచ్చాడు. పక్కన సన్నగా, పొట్టిగా ఆయన భార్య, పుస్తకంలో వరస మీద వేలు పెట్టుకుని ఉంది. ఆవిణ్ణి చూడటం నాకదే మొదటిసారి. "తెకీయా" అంది మెల్లగా. ఒకే ఒక్క పొడుగాటి నాదం. "షెవరీమ్" అంది. మూడు మూలుగులు. "తెరూవా" అంది. వెక్కి వెక్కి ఏడ్చినట్టు గబగబా తొమ్మిది చిన్న ముక్కలు. ఒక్కో ముక్కకీ నా నాలుక నా కోరపన్ను మీదికే పోతోంది.

మొదట ముప్ఫై అయ్యాయి. ప్రార్థనల మధ్య ఇంకో ముప్ఫై. ఆయన మొహం ఎర్రబడింది. ఆఖరి విడత నలభైలో నూరోది ఒక్కటే మిగిలింది. "తెకీయా గెదోలా" అనాలి ఆవిడ, అన్నిటికన్నా పొడుగైనది. ఆవిడ అనలేదు. ఆయన ఎదురుచూశాడు. జనం ఎదురుచూశారు. చివరికి ఆ రెండు మాటలూ గాలిలా వచ్చాయి.

ఆయన ఊదాడు. ఊపిరి ఉన్నంతసేపు ఊదుతాడని, పిల్లలు వాచీలు చూసుకుంటారని నా పక్కనున్నామె ముందే చెప్పింది. ఆ శబ్దం సన్నగా మొదలై, పైకి లేచి, నిలబడి, ఇంకా గట్టిగా ఉండగానే తెగిపోయింది.

ఊడింది, అనుకున్నాను. ఆయన కొమ్ము దించి, వెనకున్న కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ పుస్తకం మూసి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ప్రార్థన మళ్ళీ మొదలైంది, అంతా అయ్యేదాకా నేను కదలడానికి వీల్లేదు.

కారిడార్‌లో ఆయన్ని పట్టుకుని, "నోరు తెరవండి" అన్నాను. అక్కడే, గోడ పక్కన తెరిచాడు. క్రౌన్ ఎక్కడిదక్కడే ఉంది.

"మరి మధ్యలో ఆపేశారేం? తల తిరిగిందా?"

"లేదు. ఇంకా బోలెడు ఊపిరుంది." ఆయన భార్య వైపు చూశాడు. "ఆమె వేలు వణుకుతోంది. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదు. అది చూస్తూ ఊదలేకపోయాను."

"నా వల్ల పాడైంది" అందావిడ.

"నీ వల్ల ఆగింది" అన్నాడు ఆయన. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో, నిష్ఠూరం ఉందో నాకు తెలియలేదు. ఇద్దరూ మెల్లగా తలుపు వైపు నడిచారు. నేను పర్సు కోసం గార్డు దగ్గరికి వెళ్ళాను.

అక్టోబరులో అసలు క్రౌన్ పెట్టించుకోవడానికి ఇద్దరూ కలిసే వచ్చారు. నాకు ఫోన్ చేసింది నిజమేనని ఆ పండగరోజు ఇంటికెళ్ళాక ఆవిడే ఆయనతో ఒప్పుకుందట. రెండు రోజులు మాట్లాడుకోలేదట. తర్వాత మాట్లాడుకున్నారు. మరుసటి వేసవంతా ఆయన ఒక స్కూల్ టీచరమ్మకి ఊదడం నేర్పాడు. తర్వాతి ఏడు మొదటి ముప్ఫై ఆయన ఊదాడు, మిగిలిన డెబ్బై ఆమె ఊదింది. ఆమెకి తెరూవా సరిగా తెగడంలేదని నాకు ఫిర్యాదు చేశాడు, నేనేదో చేయగలనన్నట్టు.

ఆ ఏడు కూడా వెళ్ళాను, పర్సులో ఏమీ లేకుండా. ఆయన నా ముందు వరసలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. టీచరమ్మ కొమ్ము ఎత్తినప్పుడల్లా ఆయన పెదవి కుడి మూల బిగుసుకుంటోంది. ఆయన భార్య మాత్రం నిలబడి, ఒక్కో పేరూ స్పష్టంగా పిలుస్తోంది.