మెదడుకు తన ఎడమ

తార్నాకలో బస్సు దిగి క్యాంపస్ లోపలికి నడిచే పావుగంటే కొమురెల్లికి రోజంతటిలో నిమ్మళం. ఆ తర్వాత చనిపోయినవాళ్ల మెదళ్లను చెడకుండా నిలవుంచే ఫార్మలిన్ గది, కురవని వానలా కళ్లలో నిలిచే ఘాటు. ఇరవై ఎనిమిదేళ్లుగా ల్యాబ్ అటెండరుగా ఆయన పని ఒకటే: మెదడును చెవి నుంచి చెవి దాకా పలకలుగా కోయడం, ప్రతి ముక్కకూ ఎడమవైపు గుర్తుగా నల్లదారం కుట్టడం. నెలాఖరుకు రిటైర్‌మెంట్.

ఆ సోమవారం ట్రేల మూతలు తీస్తే ఒక్క దారమూ లేదు. రిసెర్చి చేస్తున్న శైలజ అన్నీ కత్తిరించేసింది. ఫొటోల్లో అసహ్యంగా ఉన్నాయట. కొన్ని ముక్కలను ముందు ముఖం పైకి, కొన్నింటిని వెనుక ముఖం పైకి పరిచి, తన ఎడమచేతి వైపున్నదే ఎడమ అని రాసుకుంది. చెవి దగ్గరి మడత లోపల, మాటలను పట్టుకునే చోట, నేలలా చదునైన చిన్న భాగం ఉంటుంది. చాలామందిలో అది ఎడమవైపే పెద్దది. ఎడమా కుడీ కలగలిసిపోయి ఆమె లెక్కల్లో రెండువైపులా సమానం. కొత్త సంగతి కనిపెట్టానని సంబరపడుతోంది. శుక్రవారం థీసిస్ ఇవ్వాలి.

"మెదడుకు దాని ఎడమ దానికుంటది బిడ్డా. నీ ఎడమతోని దానికేం పని?"

శైలజ ముఖం పాలిపోయింది. "మరి ఇప్పుడెట్ల కాకా?"

ఆయన స్టూలు లాక్కున్నాడు. ఒక్కో ముక్కను పక్క ముక్కకు ఆనించి, విడిపోయిన ఒడ్లను కలిపినట్టు మడతకు మడత కలిపాడు. ముందేదో, పైనేదో తెలిస్తే ఎడమ దానంతటదే తేలుతుంది. చేతులు నెమ్మదిగా కదిలాయి, గొణుగుడు మాత్రం ఆగలేదు. దారం అడ్డమైతే ముందు కొలతలు రాసుకుని ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు కదా, అడగడానికి నోరు లేదా అని నాలుగు రోజులూ అదే పాట.

శుక్రవారం పొద్దుటికి పదిహేను మెదళ్లలో పన్నెండు తేలాయి. తొమ్మిదింటిలో ఎడమే పెద్దది. తేలని మూడింట్లో నడిమి ముక్క ఒక్కటే ఉంది. పక్కవి ఎప్పుడో వేరే పరీక్షలకు వాడేశారు. దేనికీ ఆనించలేరు.

ఎక్కువ వాటిలో ఎడమే పెద్దది కదా, వీటికీ అట్లే రాసేస్తానంది శైలజ. ఎవరికి తెలుస్తుందట.

కొమురెల్లికి దారాలు పోయినప్పుడు కూడా ఇంత విసుగు రాలేదు.

"తెలువనిది తెలువదని రాయి."

"మా సార్ తిడతడు కాకా."

"తిట్టనియ్యి."

కంప్యూటర్ పట్టికలో మూడు గడుల్లోనూ ఆమె 'తెలియదు' అని టైపు కొట్టేదాకా ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాడు.