గేటు దగ్గర ఇంజన్ ఆపమన్న మనిషి

నాకు బస్సు నడపడం నేర్పిన ఉస్తాద్ పోయారని మొన్న పొద్దున నాచారం నుంచి కబురొచ్చింది. చెప్పినవాడు ఫోన్లోనే ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ మంచి ముందు చెప్పేస్తాను.

ఎనభైల చివర్లో ఆయన మా డిపోలో కొత్త డ్రైవర్లకు పని నేర్పేవారు. మొదటిరోజే నా కుడికాలి చెప్పు విప్పించారు. "ఇంజన్ ఏమంటున్నదో నీ కాలికి తెలువాలెరా. చెప్పుకు తెలిస్తే ఏం ఫాయిదా?" ఉప్పల్ నుంచి నాచారం దాకా పక్కనే నిలబడి, నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ నాలుక చప్పరించేవారు. "గిప్పుడు బ్రేకేసినవంటే, జర ముందు తాగిచ్చిన డీజిలంత నేలపాలే. దూరం జూడు, కాలు ముందే ఎత్తు." ఆయన నడిపితే నిలబడ్డ ముసలమ్మలు కూడా కడ్డీ పట్టుకునేవారు కాదు. తక్కువ డీజిల్‌తో ఎక్కువ దూరం నడిపినవాళ్ళ పేర్లు డిపోలో నల్లబోర్డు మీద రాసేవారు. మొదటి పేరు ఎప్పుడూ ఆయనదే. రెండేళ్ళకు దాని కింద నా పేరు చేరింది.

మా దారిలో రైల్వే గేటు ఉండేది. గూడ్సు బండి వస్తే పావుగంట ఆగాల్సిందే. అందరూ ఇంజన్ నడుస్తుండగానే పొగలో కూర్చునేవారు. మళ్ళీ స్టార్ట్ కాకపోతే తప్పు డ్రైవర్ మీదికి వస్తుందని భయం. ఉస్తాద్ ఒప్పుకునేవారు కాదు. "పొగ మింగెటోళ్ళు మన ప్యాసింజర్లే గదరా. బందు జెయ్. నేనున్న గద."

ఆపాను. మూడేళ్ళు ఆపాను. ఒక ఎండాకాలం పొద్దున గేటు తెరిచాక బస్సు కదల్లేదు. బ్యాటరీ చచ్చింది. ప్రయాణికులు దిగి తోశారు. వెనక ఇరుక్కున్న జీపులో మా పై అధికారి ఉన్నాడు.

ఇంజన్ ఎవరు ఆపమన్నారని విచారణలో అడిగితే ఉన్నది చెప్పాను. ఉస్తాద్‌ను పిలిపించారు. ఆయన నా వైపు చూడలేదు.

"నేనెందుకు జెప్త సార్. వీడు బుక్కులు మస్తు చదువుతడు. తెలివెక్కువైంది."

నా రూటు పోయింది. పదేళ్ళకు పైగా డిపో ప్రహరీ దాటకుండా, బస్సుల్ని కడిగేచోటికీ డీజిల్ పోసేచోటికీ జరుపుతూ గడిపాను. ఈలోగా ఆగినచోట ఇంజన్ ఆపాలని అదే డిపోలో నోటీసు అంటించారు. ఆ పద్ధతి తెచ్చినందుకు ఉస్తాద్‌కు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం ఆయన క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, "గప్పుడు నా ప్రమోషన్ ఫైలు పైన ఉండెరా" అన్నారు. అది క్షమాపణ కాదు, సమాచారం. పుస్తకాల్లో మనుషులు ఆఖరికైనా తప్పు ఒప్పుకుంటారు. అవి చదివి చెడిపోయానేమో, మొన్నటిదాకా ఎదురుచూశాను.

కబురందాక ఆయన ఇంటికి వెళ్ళాను. సందులో శవాన్ని తీసుకుపోయే వ్యాను ఆగి ఉంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళ మీదికి పొగ పోతోంది. లోపల ఇంకా స్నానం చేయిస్తున్నారు.

"బందు జెయ్ తమ్మీ," అన్నాను డ్రైవర్‌తో.

"మల్ల స్టార్ట్ గాకపోతె? అందరు నన్నే అంటరు పెద్దాయనా."

"నేనే బందు జేపిచ్చిన్నని జెప్పు. ఈడనే ఉంట."

అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి తాళం తిప్పాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఆయన్ని బయటికి తెచ్చేదాకా కదల్లేదు. నా అరచేతి కింద ఇనుము వేడి కొంచెం కొంచెంగా దిగిపోయింది.