స్టార్టర్ ఒత్తిన చెయ్యి

బోరుకాడ తమ్ముడు మోటరు వైరు కలుపుతుంటే, కరెంటొచ్చిందని, వాణ్ణి చూసుకోక నేను స్టార్టర్ ఒత్తిన. అక్కడికక్కడే వాని పాణం పోయింది. ఆటో స్టార్టర్ దానంతటదే ఆనైందని ఊరంతా అనుకున్నరు. నేను కాదనలే.

అప్పటిసంది స్టార్టర్ ముట్టబోతే నా చెయ్యి కొయ్యబారేది. వరి ఎండిపోతుంటే పట్నంల హిప్నోథెరపీ డాక్టరు దగ్గరికి బయల్దేరిన.

కొత్తకోటల బస్సెక్కి నా పక్కన కూసున్న పెద్దమనిషి ఏడికని అడిగితే చెప్పిన. ఆయన కూడా ఆ వైద్యం చేయించుకున్నడట.

"నిద్రపుచ్చుతరా కాకా?"

"లేదు బిడ్డా. కండ్లు మూసుకోమని మెల్లగ మాట్లాడతరు. మనకు అన్నీ ఇనవడ్తయి. నా భయం గట్లనే జర జర తగ్గింది."

"మనసుల దాచుకున్నది బయటికొస్తదా?"

"నువ్వు చెప్పొద్దనుకుంటే రాదు."

నా పాణం ఉసూరుమంది. డాక్టరే ఆ నిజాన్ని నా నోట్లకెల్లి గుంజుతడని ఆశపడ్డ.

పెద్దమనిషి నా చెయ్యి పట్టుకున్నడు.

జడ్చర్ల రాకముందే, "స్టార్టర్ ఒత్తింది నేనే కాకా" అన్న.

అమ్మకు ఇంకా చెప్పలే.