ఏ బూజు?

నా చిన్నప్పుడు మా తాతయ్య అమీర్‌పేటలో ఒక నవాబుగారి బంగళా తోటలో మాలిగా ఉండేవాడు. తోట వెనుక ఒక అద్దాల ఇల్లు ఉండేది. చలికాలం మంచుకు పాడవకుండా నాజూకు మొక్కలన్నీ అందులో పెట్టేవారు. ఆ ఏడు క్రిస్మస్ వెళ్ళగానే మా చిన్నమ్మ పెళ్ళి. పెళ్ళికూతురు చేతిలోకి తెల్ల గులాబీలు తన చేత్తోనే పెంచాలని తాతయ్య పట్టుదల. బేగంగారు ఒక మూల చోటిస్తే, కుండీలు వరుసగా పెట్టుకున్నాడు.

ఒకనాడు పొద్దున చాయ్ తాగుతూ, "అద్దాల ఇంట్ల బూజు వట్టింది. ఎర్రమన్ను తెచ్చినంక చూస్త" అని, బండి కట్టించుకుని ఖైరతాబాద్ వైపు పోయాడు.

పండగ ముందు మా ఇళ్ళన్నింటిలోనూ బూజు దులిపే రోజులవి. అమ్మమ్మకు ఆ మాట అలాగే వినబడింది. "మీ తాతకు మోకాళ్ళ నొప్పులు. నిచ్చెనెక్కి ఎక్కడ దులుపుతడు, మనమే చేద్దాం పా" అని బూజుకర్ర భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పంజగుట్ట నుంచి నడిచింది. పైకప్పు దులిపాక కుండీలు చూసింది. ఒక చెట్టు మొగ్గల మీద బూడిద రంగు నూగు ఉంది. "గీ చెట్టుకు సుత వట్టింది జూడు" అని కొంగుతో విదిలించి, అదే కొంగుతో మిగతావాటినీ ప్రేమగా తుడిచింది. సన్నటి పొగలా ఏదో లేచింది. చలి తగలకుండా తలుపులన్నీ గట్టిగా మూసి వచ్చింది.

తాతయ్య అన్నది ఆ మొక్కల బూజు తెగులే. రెండు మూడు రోజుల్లోనే ఆ నూగు అన్ని కుండీలకూ పాకింది. మన్నుతో తిరిగొచ్చిన తాతయ్య, సంగతి తెలిసి అమ్మమ్మను పిలిపించాడు.

"ఒక్క చెట్టుకున్నదాన్ని అన్నిట్ల పంచినవ్ గదనే!"

"బూజు వట్టిందని నువ్వే అంటివి గద."

"ఇల్లు ఊడ్చుడు తప్ప నీకేం దెలుసు?"

పక్కనున్న మాలి ఒకడు, "బూజు దులిపినవ్, సున్నం సుత ఏసిపోరాదు అమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మమ్మ కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది.

తరువాత తాతయ్య చెడిన మొగ్గలను విదిలించకుండా ఒక్కొక్కటే కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి, బయటికి తీసుకుపోయి కాల్చాడు. పొద్దున ఎండ రాగానే తలుపులు తెరిచి చెమ్మ పోనిచ్చాడు. నీళ్ళు ఆకులకు తగలకుండా మొదట్లోనే పోశాడు. చివరికి ఒక్క చెట్టే మిగిలింది.

పెళ్ళి పొద్దున అమ్మమ్మను తోటకు తీసుకుపోయి, అద్దాల ఇంటి ముందు కత్తెర ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే కొయ్యి" అన్నాడు. ఆమె నవ్వింది. "నా చెయ్యి తగిల్తె మళ్ళ బూజు వడ్తది" అని కత్తెర తిరిగి ఇచ్చేసి, గడప బయటే నిలబడింది. పూలు తాతయ్యే కోశాడు. బతికినన్నాళ్ళూ ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆమె పోయాక తాతయ్య, "మొక్కలకు వట్టిందని ఒక్క మాట చెప్పిపోతే అయిపోతుండె" అని ఊరికే అంటుండేవాడు.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా బూజు అంటే, ఏ బూజని అడిగే లేస్తాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ అనుకుంటాను. కోడళ్ళ చేతిలో ఏదైనా పాడయితే మాత్రం నలుగురిలో నోరెత్తను. అమ్మమ్మ తిరిగి ఇచ్చేసిన ఆ కత్తెర కళ్ళ ముందు మెదులుతుంది.