పచ్చచీర పటాలు

దేవసహాయం ముప్పై ఏళ్ళు సూర్యాపేటలో ఫోటో స్టూడియో నడిపాడు. పెళ్ళిళ్ళు తీశాడు, పాస్‌పోర్టు సైజులు తీశాడు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరు తెచ్చింది మాత్రం పోయినవాళ్ళ పటాలే. ముసలమ్మ పోయాక ఇల్లంతా వెతికితే రేషన్ కార్డు మీద గోరంత ముఖం తప్ప మరేదీ దొరకదు. కొడుకులు దాన్నే పట్టుకొచ్చేవారు. దేవసహాయం ఆ ముఖాన్ని పెద్దది చేసి, చిలకపచ్చ పట్టుచీర కట్టిన ఒంటి మీద అతికించి ఇచ్చేవాడు. బతికినన్నాళ్ళూ నూలు చీర దాటని తల్లి పట్టుచీరలో కనబడేసరికి కొడుకులకు కళ్ళు చెమర్చేవి. పదకొండో రోజుకల్లా పటం గోడెక్కేది.

ఆ ఒళ్ళు ఎవరిదని ఎవరూ అడగలేదు. అడిగింది ఆయన భార్య అన్నమ్మ. అదీ ఆయన స్టూడియో మూసేసి, ఇంట్లో కూర్చుని, ఆమె వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టాక. కోదాడలో చుట్టాలింటికి ప్రార్థన కూడికకు వెళ్ళి, ఎదురెదురు ఇళ్ళలో రెండు పటాలు చూసింది. రెండింటిలోనూ అదే చీర, స్టూలు మీద ఆనించిన అదే ఎడమ చెయ్యి.

"ఏమయ్యా, గా చీర కట్టుకున్నామె ఎవ్వలు?"

"ఎప్పుడో స్టూడియోకొచ్చిన ఒకామె. ఫోటో దిగింది, తీస్కపోను మళ్ళ రాలే. పోజు మంచిగొచ్చిందని మెడకాడికి కత్తిరించి వాడుకున్న."

"బతికే ఉంటె?"

"ఉంటె ఉంటది, నన్నేం జెయ్యమంటవ్."

"బతికున్న మనిషికి ఇంటింట్ల దండలేపిచ్చినవ్. జర ఆలోచన జెయ్యి."

ఆలోచన చేశాడు, అందుకే నిద్ర దూరమైంది. నెగెటివులు, పాత ప్రింట్లు ఏనాడో చెదలపాలయ్యాయి. కత్తిరించిన పై ముక్కను, అంటే ఆమె ముఖాన్ని, తన చేత్తోనే చెత్తబుట్టలో వేశాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తుకు రాని ఆ బుట్ట ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది. సిగ్గేసింది.

పోయిన వేసవిలో కెమెరా బ్యాగు భుజానికి తగిలించుకుని మోపెడ్ ఎక్కాడు. అడిగినవాళ్ళకు, పచ్చచీర పటాలన్నీ వెతికి, వాటి కింద ఇంటివాళ్ళను నిలబెట్టి ఫోటోలు తీస్తున్నానని చెప్పేవాడు. అబద్ధం కాదు, తీశాడు కూడా. కానీ కళ్ళు మాత్రం ఆ ఎడమ చేతిని వెతికేవి. దాని మీద ఒక పచ్చబొట్టు ఉండేది, ఏదో పేరు, మొగుడిదే కావచ్చు. పరాయి పేరు మా అమ్మ చేతి మీదెందుకని ఒకరిద్దరు గొణిగితే, కంప్యూటర్ వచ్చాక దాన్ని శుభ్రంగా చెరిపేశాడు. కత్తెర, జిగురు కాలంలో చేసిన పటం ఒక్కటి దొరికితే పేరు దొరుకుతుంది. పేరుతో మనిషి దొరుకుతుంది. దొరికితే తప్పయిందని చెప్పుకోవాలి. ఆయనకు కావలసింది అంతే.

తిరుమలగిరిలో మైసయ్య అనే రైతు కెమెరా చూడగానే, "సర్వేనా సారు? మా బోరు ఎండింది, రాసుకో" అన్నాడు. సర్వే కాదని తెలిశాక నిరాశపడి, అయినా తల దువ్వుకుని వచ్చి తల్లి పటం కింద నిలబడ్డాడు. పటంలో చెయ్యి నున్నగా ఉంది. కోదాడలో నవ్య అనే టీచరమ్మ, "మా నానమ్మ పట్టుచీరలో కనబడేది ఈ ఫోటోలోనే అండీ" అంటూ కొంగుతో అద్దం తుడిచింది. అక్కడా నున్నగానే ఉంది. నెల గడిచింది. ఏ ఊరెళ్ళినా తన పనితనమే తనను వెక్కిరిస్తోంది.

"అంత నున్నగ ఎవ్వలు జెయ్యమన్నరు? ఇగ తిరుగు" అంది అన్నమ్మ, సద్ది కడుతూ.

నేరేడుచర్లలో రైస్ మిల్లు వెనక ఐలయ్య అనే ఆయన ఇంట్లో పటం పాతదని గుమ్మంలోనే తెలిసిపోయింది. మెడ దగ్గర జిగురు గోధుమరంగుకు తిరిగింది. దేవసహాయం కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికెళ్ళాడు. మోచేతి కింద వంకరటింకర అక్షరాలు: మట్టయ్య.

ఐలయ్య భార్య సీత టీ తెస్తూ, "గా చెయ్యి జూసే ఒకామె పడిపడి నవ్వింది సారు" అంది. "నాట్లకొచ్చిన కూలీ. గా చెయ్యి నాదే అన్నది. మేం పరాచికాలనుకున్నం."

"ఏ ఊరామె తల్లీ?"

"నిడమనూరు. ఈదమ్మ."

టీ సగంలోనే వదిలేశాడు. మిర్యాలగూడలో మోపెడ్ ఆపి, ఇలాంటి తప్పుకు ఏం పట్టుకుపోతారో తెలియక, ఓ సంచీడు బత్తాయిలు కొన్నాడు.

నిడమనూరు చివర రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఒకామె కాళ్ళతో వాటిలో చాళ్ళు తీస్తోంది. యాభై దాటి ఉంటాయి. చొక్కా చేతులు పైకి మడిచి ఉండడంతో పచ్చబొట్టు కనబడింది. ఆయన మోపెడ్ ఆపి, బత్తాయిల సంచీ పట్టుకుని దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, నేను సూర్యాపేటల ఫోటోలు తీసేటోన్ని."

ఆమె నడక ఆపలేదు. "పచ్చచీర ఫోటోనా? పదకొండిండ్లల్ల సూసిన. యాడ నాట్లకు పోతె గాడ గోడమీద నేనే. ఒకింట్ల నాకు నన్నే దండం బెట్టుమన్నరు."

"పెట్టినవా?"

"పెట్టిన. కూలికి బోయినంక పెట్టనంటమా."

దేవసహాయానికి నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. "ఫోటోకు మళ్ళ ఎందుకు రాలే తల్లీ?"

"గా చీర మా యారాలిది, మా బావ పెండ్లాంది. అడగకుండ కట్టుకొచ్చిన. ఇంటికి పొయ్యేసరికి దొరికిపోయిన. ఇగ ఫోటో గూడ తెస్తె లొల్లి ఇంకింతైతదని రాలే." అప్పుడు ఆగింది. "నా మొఖం ఉన్నదా నీకాడ?"

నెల రోజులుగా ఆయన భయపడుతున్నది ఆ ప్రశ్నకే. "పారేసిన తల్లీ. తప్పయింది" అని రెండు చేతులూ జోడించాడు.

ఈదమ్మ తిట్టలేదు. కాళ్ళకిందున్న వడ్లను చూస్తూ, "ఎట్లొచ్చిన్నో ఒక్కపారి సూద్దామనుకున్న" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది దేవసహాయానికి.

"ఇప్పుడు నీ మొఖం దీసి, గా చీరకే మంచిగ అతికిస్త."

"గా చీర నాకొద్దు. గది సచ్చిపోయినోళ్ళ చీర." ఆమె బత్తాయిల సంచీ అందుకుని పక్కన పెట్టింది. వడ్ల బస్తా మీద కూర్చుంది. "గిట్లనే తియ్యి."

చొక్కా తీసెయ్యమ్మా, గడ్డం కొంచెం దించమ్మా అని ముప్పై ఏళ్ళ అలవాటు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె తనంతట తానే ఎడమ చేతిని, ఒకప్పుడు స్టూలు మీద ఆనించినట్టే, బస్తా మీద ఆనించింది. తల ఎత్తి కెమెరాలోకి సూటిగా చూసింది. ఆయన నొక్కాడు.

తెరమీద బొమ్మ చూపిస్తే, ఈదమ్మ కెమెరాను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ముఖం చూసుకుంది, చొక్కా చూసుకుంది, మట్టయ్య పేరు చూసుకుంది.

"మంచిగొచ్చింది" అంది. "ఇగ దీనిమీద ఎవ్వల తల పెట్టకు సారు."

"పెట్టనమ్మా" అన్నాడు దేవసహాయం.